గెస్ట్ 4471

రాత్రి కాటా నాది.
గుంటూరు మిర్చి యార్డు గేటు పక్కన, రేకుల గదిలో,
లారీకీ లారీకీ నడుమ దొరికే పావుగంటలో
ఓనరు గారి కంప్యూటర్లో ఆడతాను.
డబ్బు పెట్టను. పేరివ్వను.
ఈమెయిలు చెప్పమని ఎన్నిసార్లు బతిమాలినా చెప్పను.
అందుకే నన్ను గెస్టంటారు. గెస్ట్ 4471.
పదకొండేళ్ళుగా వస్తున్నా
వచ్చినప్పుడల్లా కొత్తల్లుడి మర్యాదే.

ఆ అనుభవం మీద చెబుతున్నా.

బుడగలు పేల్చే ఆట పిల్లలది కాదు,
అప్పులున్నవాళ్ళది.
మూడు ఎర్రవి ఒకచోట చేరితే టప్పున మాయం.
ఏ బాకీ అయినా అట్లా తీరడం
మీరెక్కడన్నా చూశారా?

పాము ఆట మంచిదే గాని
మార్చిలో ఆడబుద్ధి కాదు.
గేటు బయట నరసరావుపేట రోడ్డు పొడుగునా
టిక్కీలు మోస్తున్న లారీల తోక
గంటగంటకీ పెరుగుతా ఉంటది.

ఒంటరి పేకాట ఒక్కటే నిజాయితీది.
ఇంక ఎత్తు లేదు, అయిపోయింది అని
మొహం మీదే చెప్పేస్తుంది.
మా షావుకార్లకి ఆపాటి ధైర్యం లేదు.
రేపు చూద్దాం అంటారు.

ఉచితం అంటారా?
మధ్యలో ముప్పై సెకన్ల ప్రకటన.
పైకప్పు ఎగిరిపోయిన ఇంట్లో వణికే తల్లీ పిల్లా,
కిటికీకి చెక్క కొట్టాలా, పొయ్యి ముట్టించాలా అని
మననే అడుగుతారు.
ఏది నొక్కినా ఇంకో ఆట అంటగడతారు.
వాళ్ళ చలి మాత్రం తీరదు.
కాటా హమాలీ మస్తాన్‌వలీ అంటాడు:
"ఊరికే పోసే మజ్జిగలో
ఉప్పు పోసేవాడిష్టం."

ఒక లారీ ఆట ఉండేది.
కొండదారిలో పెట్టెలు జారకుండా తోలాలి.
నలభై ఏడో మెట్టు దాకా తోలాను.
ఒక జనవరి పొద్దున తెరిస్తే
బూడిదరంగు డబ్బా, మధ్యలో విరిగిన ముక్క బొమ్మ.
చాటింపు లేదు, నోటీసు లేదు.
నలభై ఎనిమిదిలో వంతెనో, లోయో
ఇప్పటికీ తెలీదు.
ఇంట్లో చెప్పలేదు.
దీనికి కూడా దిగులేంటి అంటారని.

ఇక సేద్యం ఆట.
విత్తిన నాలుగు నిమిషాలకి మిరప పండుద్ది.
తామర పురుగు లేదు, బొబ్బర తెగులు లేదు, బోరెండదు.
మొన్న రాత్రి అదాడుతుంటే
వెనక ఎవరో తుమ్మారు.
క్రోసూరు వైపునించొచ్చిన బసివిరెడ్డి గారు.
అరవై టిక్కీల తేజ,
రెండు రోజులుగా బస్తాల మీదే నిద్ర.
"ఏ రకం అది?"
"రకం లేదండీ. ఎర్రది."
"తాలు ఏరొద్దా?"
"తాలుండదండీ."
"రేటెవరు చెప్తారు?"
"ముందే రాసుంటది. కాయకి ఐదు బంగారు కాసులు."

నవ్వుతాడనుకున్నా.
స్టూలు లాక్కుని కూర్చుని, మౌసు పట్టుకుని
మూల మడి కాణ్ణుంచి
సాలు తప్పకుండా నాటాడు.
పంట పండి మెరుస్తోంది,
కొయ్యమని బాణం ఎగిరెగిరి పడుతోంది.
"కోసెయ్యండి, వాడిపోద్ది."
"ఉండవయ్యా. ఇందులో ఏసీ లేదా?
ఏసీలో పెట్టి ఆగుదాం, జూన్ దాకా."

ఏసీ ఉంది.
ఆటంతటికీ డబ్బు కట్టాల్సింది అదొక్కదానికే.

అప్పుడు నవ్వాడు.
దగ్గొచ్చిందాకా, కళ్ళల్లో నీళ్ళొచ్చిందాకా.

హారను కొడితే వెళ్ళి, తూకం చీటీ ఇచ్చి వచ్చేసరికి
మడి అంతా నల్లబడి ఉంది.
ఆయన పోయి బస్తాల మీద వాలాడు.
స్పేస్‌బార్ మీద ఎర్రటి వేలిముద్ర.
తుడవకుండానే నొక్కి,
మరిచిపోయి కన్ను నలుముకున్నా.

"మీ పొలం దాచుకోవాలంటే
పేరు నమోదు చేసుకోండి"
తెర మళ్ళీ మొదలెట్టింది.
రెండో కంటితో చదివాను.

చేసుకోను.